రాసే ఉందిగా

నల్లకోటు వేసుకున్న ముప్పై ఏళ్లలో నేను ఎక్కువసార్లు వాడిన మాట ఏదని ఎవరైనా అడిగితే, చట్టాల్లోని మాటేదీ కాదు, ‘రాసే ఉందిగా’ అన్నదే. ఏలూరులో జిల్లా వినియోగదారుల ఫోరం నడిచిన రోజుల్లో నా కక్షిదారులు ఎక్కువగా దుకాణదారులు, డీలర్లు. మిక్సీ జారు పగిలి చెయ్యి తెగిందని ఒకరొస్తారు. మరుగుతున్నవి పోయొద్దని పుస్తకంలో రాసే ఉందిగా. గీజరు షాకు కొట్టిందని ఇంకొకరొస్తారు. ఎర్తింగు చూసుకోమని రాసే ఉందిగా. వాదన కోసం రాత్రిళ్లు మేలుకోవాల్సిన పనే లేదు. అట్టపెట్టెలో పడి ఉన్న కాగితం తీసి, ఎగ్జిబిట్‌గా గుర్తు వేయించి, ఆ పంక్తి కింద ఎర్ర పెన్సిలుతో గీత గీస్తే సగం కేసు అయిపోయినట్టే.

ఆ మాట నా మీదికే తిరగబడింది 2019లో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో.

జనవరి నెలాఖరున మా అమ్మాయికి పాప పుట్టింది. బాలింతను చూసుకోవడానికి మా ఆవిడ, సామాను మోయడానికి నేను. సూట్‌కేసులో కాయం, వాము, పాతచీరలు చించి కుట్టిన పొత్తిగుడ్డలు, వాటి మధ్యలో భద్రంగా ఒక ఆవాల దిండు. పిల్ల తల గుండ్రంగా రావాలంటే అది ఉండి తీరాల్సిందేనని మా ఆవిడ సిద్ధాంతం. అమ్మాయి దాన్ని చూడగానే ‘అమ్మా, అది బయటికి తీయకు’ అంది. అక్కడి పిల్లల డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చిందట: పాపను వెల్లకిలా పడుకోబెట్టాలి, పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి, మంచంలో దిండు, దుప్పటి, బొమ్మ ఏవీ ఉండకూడదు.

‘పసిగుడ్డును బోసి మంచం మీద పడేస్తారుటే, దిక్కులేనిదానిలా!’ అని మా ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ డాక్టరు చెప్పింది ఆవిడ సొంత తెలివి కాదని నాకు తర్వాత తెలిసింది. పిల్లల్ని బోర్లా పడుకోబెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1992లోనే చెప్పింది. 1994లో ‘బ్యాక్ టు స్లీప్’ పేరుతో దేశమంతా ప్రచారం చేశారు. ఆ తర్వాతి పదేళ్లలో, కారణం తెలియకుండా నిద్రలోనే పోయే పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. అయినా ఇప్పటికీ అక్కడ ఏటా మూడున్నర వేల మంది దాకా పసివాళ్లు నిద్రలో పోతున్నారు. అంత డబ్బున్న దేశంలో.

ఆవాల దిండుకు దొరకని అనుమతి ఇంకో వస్తువుకు మాత్రం తేలిగ్గా దొరికింది. అదే అపార్టుమెంట్లలో ఉండే ఒక తెలుగు కుటుంబం వాళ్లు తమ పిల్లలు పెద్దవాళ్లయ్యారని ఒక పడకబుట్ట తెచ్చి ఇచ్చారు. ఇనపచట్రం, దాని మధ్యలో వేలాడేసిన మెత్తటి గుడ్డ, తల వైపు ఎత్తు, కాళ్ల వైపు పల్లం. కాలి బొటనవేలితో తాకితే ఊగుతుంది. అది వాళ్లకు ఇంకెవరో ఇచ్చారట. మాది మూడో ఇల్లు. కంపెనీ పేరు చెప్పను, దానితో ఇక్కడ పని లేదు. మా ఆవిడ ముఖం విప్పారింది. ‘చూశారా, చివరికి మన చీర ఉయ్యాలే గతి అయింది వీళ్లకీ!’ అంది. అమ్మాయి కూడా అభ్యంతరపెట్టలేదు. ఆవాల దిండంటే అమ్మ కుట్టింది, ఇదైతే కంపెనీ తయారుచేసింది. అమెరికాలో అమ్ముతున్నారంటే ఎవరో పరీక్షించే ఉంటారు కదా!

ప్రభుత్వం ముందుగా పరీక్షించదు. అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం మందులకు ఇచ్చినట్టు ముందుగా అనుమతులిచ్చేది కాదు. వస్తువు బజార్లోకి వచ్చాక, ఏదైనా జరిగాక, అప్పుడు దాని పని మొదలవుతుంది. ఈ సంగతి నలభై రోజుల తర్వాత గానీ నాకు తెలియలేదు.

రాత్రి డ్యూటీ నాది. పగలూ రాత్రీ తారుమారై నాకెలాగూ నిద్ర పట్టేది కాదు. హాల్లో సోఫా మీద నేను, పక్కన బుట్టలో పాప. బోసి మంచంలో వేస్తే పావుగంటలో లేచి కేకలు పెట్టే పిల్ల అందులో రెండేసి గంటలు కదలకుండా పడుకునేది. తల కాస్త ముందుకు వాలి, గడ్డం గుండెకు ఆనుకుని ఉండేది. అప్పుడప్పుడు సన్నగా గుర్రుమనేది. ‘గురక కూడా పెడుతోంది, అచ్చం తాత పోలికే’ అని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. అల్లుడు ఫోనులో రికార్డు చేసి వాట్సాప్‌లో ఏలూరంతా పంపాడు. రెండు గంటలకోసారి ఫ్రిజ్‌లోంచి అమ్మపాల సీసా తీసి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూడటం నా పని. వంటింటికీ హాలుకూ మధ్య గోడ. ఆ అయిదు నిమిషాలూ పాప నా కంటికి కనబడేది కాదు.

ఏప్రిల్ రెండో వారంలో అల్లుడు ఆఫీసు నుంచి వస్తూనే బుట్ట దగ్గరికి వెళ్లి, వంగి, చట్రం మీద పేరు వెతికాడు. ‘మనది ఆ కంపెనీ కాదులెండి మావయ్యగారూ’ అని ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు అడిగాను, ఏ కంపెనీ అని.

ఫిషర్ ప్రైస్ వాళ్ల రాక్ అండ్ ప్లే స్లీపర్. 2009 నుంచి అమ్మారు, 47 లక్షలు అమ్ముడుపోయాయి. దాదాపు 30 డిగ్రీల ఏటవాలు. ఏప్రిల్ 5న కంపెనీ, భద్రతా సంఘం కలిసి ఒక హెచ్చరిక ఇచ్చాయి: పది మంది పిల్లలు అందులో చనిపోయారు, మూడు నెలలు నిండినా, బోర్లా పడటం మొదలుపెట్టినా అందులో వేయకండి, బెల్టు పెట్టకుండా పడుకోబెట్టకండి అని. నా వకీలు బుద్ధికి అది వెంటనే అర్థమైంది. అది హెచ్చరిక కాదు, రాబోయే కేసుకు జవాబు. బెల్టు పెట్టమని రాసే ఉందిగా!

మూడు రోజులు తిరగకుండా కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఆ జవాబును చింపి పారేసింది. పోయినవాళ్లు పది మంది కాదు, కనీసం 32 మంది అని రాసింది. అందులో మూడు నెలలైనా నిండని పిల్లలూ ఉన్నారు. అమెరికా చట్టంలో 6(బి) అని ఒక సెక్షను ఉంది. దాని ప్రకారం భద్రతా సంఘం దగ్గర ఏ వస్తువు మీద ఎన్ని మరణాల సమాచారం ఉన్నా, ముందు కంపెనీకి చెప్పి, వాళ్ల అభ్యంతరాలు విన్నాక గానీ పేరు పెట్టి బయటికి చెప్పకూడదు. మరి పత్రికకు ఎలా తెలిసింది? పత్రిక లెక్కలడిగితే, కంపెనీ పేర్లు కొట్టేసి పంపాల్సిన కాగితాలు కొట్టేయకుండానే పంపేశారు. అంతే. ఆఫీసులో ఎవరో చేసిన పొరపాటు. మన కోర్టుల్లో గుమస్తా పొరపాటు వల్ల వాయిదాలు తప్పిపోవడం చూశాను, కట్టలు మాయం కావడం చూశాను. గుమస్తా పొరపాటు వల్ల పిల్లల ప్రాణాలు నిలవడం ఇదే వినడం. ఏప్రిల్ 9న పిల్లల వైద్యుల అకాడమీ ఆ వస్తువును వెనక్కి తీసుకోవాల్సిందేనంది. 12న 47 లక్షలూ రీకాల్ అయ్యాయి.

ఇక నన్ను ఆపేవాళ్లు లేరు. రాత్రంతా పాప పక్కన కూర్చుని అల్లుడి ల్యాప్‌టాప్‌లో ఇదే చదివాను. పసిపిల్లకు తల బరువెక్కువ, మెడకు బలం తక్కువ. ఏటవాలుగా పడుకుంటే తల ముందుకు వాలుతుంది. గడ్డం గుండెకు ఆనితే గాలి గొట్టం, పొలానికి నీళ్లు పెట్టే రబ్బరు గొట్టం మడత పడ్డట్టు, మడతపడుతుంది. పిల్ల ఏడవదు, కొట్టుకోదు. చప్పుడే ఉండదు. ఆ పంక్తి దగ్గర ల్యాప్‌టాప్ మూసి పాప వైపు చూశాను. సన్నగా గుర్రుమంటోంది. రెండు చేతులతో ఎత్తి బోసి మంచంలో వెల్లకిలా వేశాను. లేచి కేకలు పెట్టింది. తెల్లారేదాకా పెట్టింది. అంత ఇంపైన ఏడుపు నేను మళ్లీ వినలేదు.

మర్నాడు అల్లుడూ నేనూ బుట్టను తిరగేశాం. హెచ్చరిక చీటీ ఎక్కడుందా అని. గుడ్డ అంచున, తల వైపు, అరంగుళం మేర కత్తెరతో కత్తిరించిన కుట్టు కనబడింది. అమ్మాయి ఇచ్చినవాళ్లకు ఫోను చేసింది. ‘అవునక్కా, ఆ లేబుల్ మా బుజ్జిగాడి మెడకు గుచ్చుకుంటుంటే కట్ చేసేశాను’ అంది ఆ అమ్మాయి, అమాయకంగా. పుస్తకం ఉందా అంటే, మాకు ఇచ్చినప్పుడే లేదంది. కొన్నాళ్లకు మా దాన్నీ రీకాల్ చేశారు. ఆ కబురు కూడా మాకు ఎవరూ పంపలేదు, మేమే వెతుక్కుని తెలుసుకున్నాం. మొదట కొన్నవాళ్లు రిజిస్ట్రేషను కార్డు నింపి పంపి ఉంటే ఉత్తరం వాళ్ల పాత చిరునామాకు వెళ్లి ఉంటుంది.

ఆ కార్డు వెనక కూడా ఒక పసివాడున్నాడు. 1998లో షికాగోలో, పిల్లల్ని చూసుకునే ఒకావిడ ఇంట్లో, మడత మంచం రెక్కలు ‘వి’ ఆకారంలో మూసుకుని మధ్యలో మెడ ఇరుక్కుని పోయాడు. ఆ మంచాన్ని అయిదేళ్ల కిందటే, 1993లో, రీకాల్ చేశారు. ఆ ఇంటికి కబురు చేరలేదు. తల్లిదండ్రులు పదేళ్లు పోరాడితే 2008 చట్టంలో ఆ పిల్లవాడి పేరు మీదే ఒక సెక్షను పెట్టారు. పసిపిల్లల మంచాలు, ఉయ్యాలల వంటి సామానుకు కార్డు తప్పనిసరి అయింది. కానీ కార్డు కొన్నవాడిని వెతుక్కుంటూ వెళుతుంది, వస్తువేమో అక్కచెల్లెళ్ల ఇళ్లు తిరుగుతుంటుంది.

ఏలూరు తిరిగొచ్చాక కూడా ఆ వ్యవహారాన్ని వదల్లేదు. నాకు ఇప్పుడు అది కాలక్షేపం కాదు. ఆ ఏడాది చివర్లో ఆర్కాన్సా వైద్య విశ్వవిద్యాలయంలో ఎరిన్ మానెన్ అనే బయోమెకానిక్స్ నిపుణురాలు భద్రతా సంఘం కోసం చేసిన పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఏటవాలు మీద పిల్లలు చదునైన పరుపు మీద కన్నా తేలిగ్గా బోర్లా పడగలరు. పడ్డాక తల ఎత్తి ఊపిరి తీసుకోవడానికి పొట్ట కండరాలు ఎక్కువ కష్టపడాలి, అందుకే తొందరగా అలిసిపోతారు. ఆవిడ పరీక్షించిన ఏటవాలు పడకల్లో ఒక్కటీ నిద్రకు పనికి రాదని తేలింది. 2021లో అమెరికా కాంగ్రెసు కమిటీ నివేదిక వచ్చింది. ఫైలు చదివినట్టు చదివాను. రాక్ అండ్ ప్లే మీద కంపెనీకి వచ్చిన రాబడి కనీసం 20 కోట్ల డాలర్లు. అది నిద్రకు భద్రమైనదని చెప్పించుకున్నది టెక్సస్‌లోని ఒక డాక్టరుతో. ఆయన పిల్లల వైద్యుడు కాదు, మామూలు కుటుంబ వైద్యుడు. ఆస్ట్రేలియా, కెనడా అధికారులు దీన్ని పడకగా అమ్మడానికి ఒప్పుకోలేదు. అందుకని కెనడాలో అదే వస్తువు పేరు మార్చి, ‘స్లీపర్’ తీసేసి, ‘సీట్’ అని అమ్మారు. అమెరికాలో మాత్రం స్లీపరే.

ఇక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను. లోపల చిన్న అక్షరాల్లో ఎన్ని హెచ్చరికలైనా రాయొచ్చు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో పడక అని పేరు పెట్టాక, హాయిగా నిద్రపోతున్న బిడ్డ బొమ్మ వేశాక, కొన్నవాడు దేన్ని నమ్మాలి? ముప్పై ఏళ్లు నేను చిన్న అక్షరాల కిందే గీత గీశాను. పెట్టె మీది బొమ్మను ఎగ్జిబిట్‌గా గుర్తు వేయించాలని ఎదుటి పక్షం వకీళ్లకు తట్టలేదు. నాకు తట్టింది గానీ నేనెందుకు చెబుతాను?

హెచ్చరిక అతికించినంత మాత్రాన చెడ్డ డిజైను మంచిదైపోదన్నది అమెరికా కోర్టుల్లో కొత్త వాదనేమీ కాదు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1963లోనే గ్రీన్‌మన్ కేసులో, లోపమున్న వస్తువును బజార్లో పెట్టినవాడు, వాడి నిర్లక్ష్యం రుజువు కాకపోయినా, జరిగిన నష్టానికి బాధ్యుడంది. తమాషా ఏమిటంటే ఆ యంత్రాన్ని కొన్నది భార్య, దెబ్బ తగిలింది భర్తకు. చేతులు మారిన వస్తువుకు అంతకన్నా పాత తీర్పేం కావాలి? మన దగ్గర 1986 చట్టంలో ‘లోపం’ అన్న మాట ఉండేది గానీ ఉత్పత్తి బాధ్యత మీద విడిగా అధ్యాయం లేదు. నేను ఎడిసన్ నుంచి వచ్చిన పక్షం రోజులకే, 2019 ఆగస్టులో కొత్త చట్టం వచ్చింది, మరుసటి జూలైలో అమలైంది. 84వ సెక్షనులో తయారీ లోపం, డిజైను లోపం, సరైన సూచనలు ఇవ్వకపోవడం, అన్నీ విడివిడిగా ఉన్నాయి. 87లో అమ్మేవాళ్లకూ తయారుచేసేవాళ్లకూ తప్పించుకునే కిటికీలూ ఉన్నాయి. అమ్మినవాడి కోసం పెట్టిన ‘వస్తువును తప్పుగా వాడారు’ అన్నది వాటిలో మొదటిది. నాలాంటివాళ్లు ఆ కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుంటారు.

పసిపిల్ల పోతే నష్టం ఎంత? ఈ లెక్క ఏ దేశంలోనూ తిన్నగా ఉండదు. మన మోటారు వాహనాల చట్టంలో చాలాకాలం, సంపాదన లేనివాళ్ల విలువ ఏడాదికి పదిహేను వేల రూపాయలు. ఫిషర్ ప్రైస్ కంపెనీ పుట్టిల్లు న్యూయార్క్ రాష్ట్రంలోని ఈస్ట్ అరోరా. ఆ రాష్ట్రంలో నేటికీ ప్రాణనష్టం దావాలో డబ్బు నష్టమే లెక్క, తల్లిదండ్రుల దుఃఖానికి పద్దు లేదు. మార్చాలని శాసనసభ బిల్లు పంపుతూనే ఉంది, 2023 నుంచి గవర్నరు వీటో చేస్తూనే ఉన్నారు. అంటే నెలల పిల్ల పోతే, అది ఏనాటికో సంపాదించి పెట్టేదేమో అన్న ఊహకు వెల కట్టాలి. కొన్నవాళ్లు డబ్బు వాపసు కోసం వేసిన మూకుమ్మడి దావా మాత్రం బఫెలోలోని ఫెడరల్ కోర్టులో ఏళ్లు నడిచి కోటీ తొంభై లక్షల డాలర్లకు రాజీ అయింది.

2022 మేలో చట్టమే చేశారు. పది డిగ్రీలు దాటిన ఏటవాలు పడకలు ఆ నవంబరు నుంచి అమెరికాలో నిషేధం. 2023 జనవరిలో భద్రతా సంఘం రాక్ అండ్ ప్లే పాత రీకాల్‌ను మళ్లీ ప్రకటించాల్సి వచ్చింది. అప్పటికి ఆ ఒక్క వస్తువు మీద నమోదైన మరణాలు దాదాపు వంద. వాటిలో కనీసం ఎనిమిది, మొదటి రీకాల్ తర్వాత జరిగినవి. ఆ ఎనిమిది ఇళ్లల్లోకి ఆ పడక ఎలా వచ్చిందో నాకు తెలియదు. మా ఇంటికి ఎలా వచ్చిందో తెలుసు.

ఎడిసన్‌లో ఉన్నప్పుడు మా బుట్టను అపార్టుమెంటు చెత్తడబ్బా దగ్గర పెట్టి రావొచ్చుననుకున్నాను. కానీ బాగున్న వస్తువును అక్కడ పెడితే సాయంత్రానికి ఎవరో ఒకరు తీసుకెళతారు. అందుకని కత్తెరతో గుడ్డ చీల్చాను, స్క్రూడ్రైవరుతో చట్రం ఊడదీసి కాలు పెట్టి వంచాను. అటుగా కుక్కను తిప్పుకుంటూ వచ్చిన ఒక తెలుగు కుర్రాడు ఆగి, ‘అయ్యో అంకుల్, కొత్తదానిలా ఉంది, మా వాళ్లకు డెలివరీ ఉంది వచ్చేనెల’ అన్నాడు. కూర్చోబెట్టి అరగంట చెప్పాను. మధ్యలో కుక్క నిద్రపోయింది.

ఇవన్నీ చదువుతున్నప్పుడల్లా నాకు ఒక మాట వినబడుతూనే ఉంది. 2004 ప్రాంతంలో నేను గెలిచిన కేసు. దెందులూరు వైపు నుంచి వచ్చిన మనిషి, ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయి. మడత స్టాండు ఉయ్యాల కొన్నారు. పిన్ను ఊడి స్టాండు కూలి, పిల్ల కింద పడి జబ్బ ఎముక విరిగింది. నేను దుకాణం తరఫున. ఫోరంలో మామూలుగా అఫిడవిట్లతోనే నడిచిపోతుంది, క్రాస్ ఎగ్జామినేషను అరుదు. ఆ రోజు నేనే పట్టుబట్టి అనుమతి తీసుకున్నాను. పిల్లను విడిచి వెళ్లొద్దని కాగితంలో రాసే ఉందిగా, ఎక్కడికెళ్లావమ్మా అన్నాను.

‘పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వెళ్లానండి.’

నేను బెంచీ వైపు తిరిగి, ఇంకేమీ అడగక్కర్లేదన్నట్టు చేతులు చాచాను. ఎవరో నవ్వారు కూడా. ఫిర్యాదు కొట్టేశారు.

ఎడిసన్ వంటింట్లో సీసా వేడిచేస్తూ నేను నిలబడ్డ అయిదు నిమిషాలు ఎన్ని రాత్రులో లెక్క కట్టాను. అరవై పైచిలుకు రాత్రులు, రాత్రికి మూడుసార్లు.

పోయిన వేసవిలో అటక మీది పాత కట్టలు దించి చెదలు దులుపుతుంటే ఆ కేసు దొరికింది. ఆవిడ చిరునామా ఉంది: ఊరి పేరు, తండ్రి పేరు. ఇంటి నంబరు లేదు. ఎగ్జిబిట్ బి-2 కూడా ఉంది. మడతల దగ్గర చిరిగిన నిగనిగల కాగితం, నాలుగు పేజీలూ ఇంగ్లీషే. మూడో పేజీలో నా ఎర్రగీత ఇంకా వెలవలేదు. మొదటి పేజీ మీద రంగుల బొమ్మను నేను అప్పట్లో సరిగ్గా చూసినట్టు లేదు. ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. వెనక కిటికీ, పరదా, పూలకుండీ. చుట్టుపక్కల మనుషులెవరూ లేరు.